నిమ్ము (న్యుమోనియా) మందుకి "పవర్ చాలకపోవడం" గురించి

"బాబూ, రెండ్రోజులైనాది, జొరం దిగనేదు. మందు పవర్ సాల్నేదేటో, మార్సీండి."

శ్రీకాకుళంలో ఛాతీ డాక్టరుగా ఈ మాట వినని వారం లేదు. మంచం మీద తండ్రి రొప్పుతుంటే ఎవరికైనా గాభరాయే, అడిగినవాళ్లని తప్పుపట్టను. నా కోపమల్లా "ఆ మందు పనిచెయ్యదు" అని దారిలో చెప్పి పంపేవాళ్ల మీద.

అపోహ: జ్వరం ఉందంటే బాక్టీరియా బతికున్నట్టే.

వాస్తవం: జ్వరం తెచ్చుకునేది మన ఒళ్లే. ఊపిరితిత్తుల గాలి గదుల్లో కాపలా ఉండే, క్రిముల్ని మింగే కణాలైన మాక్రోఫేజ్‌లు, ఆ గదుల గోడ కణాలు బాక్టీరియాని దాని పైభాగాలని బట్టి పసిగడతాయి. ఇలా పసిగట్టే గ్రాహకాలే టీఎల్‌ఆర్‌లు: న్యుమోకోకస్ అనే నిమ్ము బాక్టీరియా లైపోప్రోటీన్లని (కొవ్వు అంటిన ప్రోటీన్లు) టీఎల్‌ఆర్-2 పడుతుంది, క్లెబ్సియెల్లా అనే ఇంకో బాక్టీరియా పైపొరలోని కొవ్వు-చక్కెర పదార్థం ఎల్‌పీఎస్‌ని టీఎల్‌ఆర్-4, సూడోమోనాస్ అనే మరో బాక్టీరియా తోకలోని ప్రోటీను ఫ్లాజెలిన్‌ని టీఎల్‌ఆర్-5. వెంటనే కబురు మోసే ప్రోటీన్లు బయల్దేరతాయి: ఐఎల్-8 తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్స్‌ని పిలుస్తుంది, ఐఎల్-1, ఐఎల్-6 జ్వరం రేపుతాయి. చచ్చిన బాక్టీరియా గోడముక్క తగిలినా ఇదే తంతు. పైగా పెన్సిలిన్ జాతి మందులు చంపేదే గోడని పగలగొట్టి! ఆ చెత్త ఊడ్చేదాకా మంట ఆరదు. అందుకే సరైన మందు పడ్డా జ్వరానికి రెండు మూడు రోజులు, దగ్గుకి వారాలు పడతాయి. ఎక్స్‌రేలో తెలుపు పోవడానికి, పెద్దవాళ్లలో మరీ, నెల దాటొచ్చు.

సోంపేట వైపు జీడితోట రైతు ఒకాయన. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) అప్పటికే ఎక్కువ. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉండే ఉద్దానంలో అదేం వింత కాదు కదా. రెండోరోజు జ్వరం ఉందని ఎవరో మందు మార్చి, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ సూదులు, పైన డైక్లోఫినాక్ అనే నొప్పి మందు పొడిచారు. రెండూ కిడ్నీలకి చేటే. ఆరోరోజు నా దగ్గరికొచ్చేసరికి నిమ్ము తగ్గుముఖంలోనే ఉంది. మూత్రం ఆగిపోయింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్.

రొప్పు పెరిగినా, ఆక్సిజన్ పడిపోతున్నా, మనిషి మాట తడబడినా మాత్రం గంట కూడా ఆగొద్దు. మూడురోజులు దాటినా జ్వరం అలాగే ఉంటే మళ్లీ రండి. ఛాతీలో నీరు చేరిందా, టీబీయా అని చూడాలి. మందు మార్చాల్సొస్తే అప్పుడు మార్చేది నేనే.

మిగతావి గబగబా. చలిగాలి బాక్టీరియాని పుట్టించదు. పిల్లలకిచ్చే న్యుమోకోకస్ టీకా పీసీవీ కరోనా టీకా కాదు. న్యుమోకోకస్ దాక్కునే చక్కెర తొడుగుని గుర్తుపట్టడం ఒంటికి నేర్పుతుంది. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకి ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది, వేయించండి.

కళ్లె రిపోర్టులో "గ్రామ్ పాజిటివ్" చూసి, పాజిటివ్ వచ్చేసిందని వరండాలో కూలబడి ఏడ్చిందో ఇల్లాలు. 1884లో గ్రామ్ అనే ఆయన నిమ్ముతో పోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కలకి రంగులేస్తూ కనిపెట్టిన పద్ధతమ్మా, ఊదారంగు నిలిస్తే పాజిటివ్ అంటారు, అంతే అన్నాను.

కళ్లు తుడుచుకుని, "రంగేనా బాబూ?" అని మూడుసార్లు అడిగింది.