పెరటి దాకా వచ్చిన వేటజంతువు లెక్క

తెల్లారి గూడు తెరిస్తే ఒక కోడి తక్కువ. గుప్పెడు ఈకలు తప్ప రక్తం చుక్క కూడా లేదు. ఇంకో పెరట్లో పది కోళ్లూ చచ్చి పడి ఉన్నాయి, ఒక్కదాన్నీ తిన్న జాడ లేదు. మరోచోట ఇనుప వల పక్కనే తల లేని కోడి. మూడింటినీ కలిపి ‘ఏదో అడవి జంతువు పని’ అనేసి, ఉన్న కంచెకే ఇంకో చుట్టు తీగ వేస్తే డబ్బు దండగ. మొదటిది చాలామటుకు నక్క పని. అది కోడిని నోట కరుచుకుని దూరంగా పోయి తింటుంది. రెండోది వీజెల్, మార్టెన్ లాంటి సన్నటి ఒళ్లున్న జంతువులు చేసేది. మూడోది రకూన్, అంటే చేతివేళ్లు చురుగ్గా ఆడే, అమెరికా వైపు జంతువు. లోపలికి రాకుండానే వల కన్నాల్లోంచి చెయ్యి పెట్టి, అందిన తలను లాగేస్తుంది.

పదింటినీ చంపి ఒక్కటీ తినకపోవడం కసి కాదు. ఆరుబయట ఒక పిట్టను పట్టేసరికి మిగతావి ఎగిరిపోతాయి, వేట అక్కడితో ఆగుతుంది. గూట్లో పారిపోయే దారి లేదు. కళ్లముందు రెక్కలు కొట్టుకుంటున్నంతసేపూ వేటాడే ఊపు తగ్గదు. నక్క కూడా గూటి లోపల దూరితే ఇదే చేస్తుంది. అందుకే చచ్చిన కోళ్లను చూసి తీర్పు చెప్పేయకుండా నేలను కూడా చూడాలి.

జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని గూటి చుట్టూ, కంచె సందుల దగ్గర ఒక మీటరు వెడల్పున పల్చగా పరిచి, సాయంత్రం కాస్త తడిపి వదిలేయండి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, ముద్ర పక్కన స్కేలు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి. పిల్లి జాతి ముద్ర గుండ్రంగా ఉంటుంది. గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి గోటి గుర్తు దాదాపు కనబడదు. అరికాలి మెత్త వెనక అంచు మూడు ఉబ్బులుగా పడుతుంది. కుక్క జాతి ముద్ర పొడుగ్గా ఉంటుంది, వేళ్ల ముందు గోటి పోట్లు ఉంటాయి, వేళ్లకూ మెత్తకూ మధ్య మట్టి ‘గుణకారం గుర్తు’లా లేస్తుంది. ఐదు వేళ్లు, వెనక పాదం మనిషి పాదాన్ని తలపిస్తే ఎలుగుబంటి. ‘తోడేలు’ అనుకున్న చాలా ముద్రలు ఊరకుక్కవే అయి ఉంటాయి. మేకల్లో ఒకటి చచ్చి, మిగతా వాటికి వెనక కాళ్ల మీద, తోకల దగ్గర చిందరవందరగా గాట్లు ఉంటే ముందు కుక్కలనే అనుమానించాలి. చిరుత గొంతు పట్టేస్తుంది, కోరల గాట్లు లోతుగా, తక్కువగా ఉంటాయి.

ఎవరో తెలిశాక ఎందుకొచ్చిందో చూడాలి. వేటజంతువుది రెండు పద్దుల లెక్క. ఒకవైపు దొరికే తిండి, మరోవైపు దెబ్బ తినే ప్రమాదం. అడవిలో కాలు బెణికినా ఆకలితో చావే గనక, ప్రమాదం కొంచెం పెరిగినా అది వెనక్కి తగ్గుతుంది. మనిషి పెరట్లో మాత్రం తరచూ మొదటి పద్దు నిండుగానూ రెండోది ఖాళీగానూ ఉంటుంది. రాత్రంతా బయట ఉంచిన కుక్క గిన్నె, మూత సరిగా పడని చెత్తడబ్బా, చెట్టు కింద కుళ్లే పండ్లు, మాంసం ముక్కలు పడేసిన ఎరువుగుంట అన్నీ తిండే. పిట్టల కోసం చల్లిన గింజలు ఎలుకల్ని పిలుస్తాయి, ఎలుకలు నక్కని పిలుస్తాయి. చెత్తడబ్బాని రాత్రి కాకుండా, బండి వచ్చే రోజు పొద్దున్నే బయట పెట్టాలి. మాంసం, చేపల వ్యర్థాల్ని ఆ రోజు దాకా ఫ్రీజర్లో ఉంచితే వాసన ఉండదు. ఎలుకలకు మందు పెట్టడం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. రక్తం గడ్డకట్టనివ్వని మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా తిరుగుతూ గుడ్లగూబకో నక్కకో సులువుగా దొరుకుతుంది. ఇదే రకంలో తర్వాత వచ్చిన, ఇంకా ఘాటైన ‘రెండో తరం’ మందులు కాలేయంలో నెలల తరబడి నిలవుంటాయి, ఎలుకల్ని తినే జంతువే పోతుంది.

మనుషుల్ని చూసి పారిపోకపోవడం ఒకటి, మనిషి తిండి మరగడం మరొకటి. రెండోదే ప్రమాదకరం. మరిగిన ఎలుగుబంటి ఆ ఇంటిని మర్చిపోదు. ఫొటో కోసం నక్కకు బిస్కెట్ విసిరే ముద్దుచేష్టకు శిక్ష ఆ నక్కకే పడుతుంది.

ఇక కంచె. కోళ్లవల పేరుతో అమ్మే ఆరుకోణాల సన్నతీగ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. నక్క దాన్ని పంటితో చీలుస్తుంది. కావలసింది అతుకు వేసిన చదరపు కన్నాల జాలీ. కన్నం 13 మిల్లీమీటర్లు మించకూడదు, తీగ మందం 1 మిల్లీమీటరుకు తగ్గకూడదు. వీజెల్‌కి 25 మిల్లీమీటర్ల కన్నం చాలు, తల దూరితే ఒళ్లు దూరుతుంది. జాలీని చట్రానికి స్టేపుల్ పిన్నులతో కొట్టి వదిలేస్తే రెండు మూడు రాత్రులు గుంజేసరికి ఊడొస్తుంది. అంచు మీద చెక్కపట్టీ పెట్టి స్క్రూలు బిగించాలి. తలుపుకు ఒంటి కొక్కెం చాలదు, రకూన్ ఎత్తేస్తుంది. రెండు వేర్వేరు కదలికలు చేస్తేనే తెరుచుకునే గడియ పెట్టాలి.

చాలామంది ఖర్చు పెట్టని చోటు కంచె అడుగు. తవ్వే జంతువు ఎక్కడ అడ్డం తగిలిందో సరిగ్గా అక్కడే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కి వచ్చి మొదలుపెట్టాలని దానికి తోచదు. ఆ అలవాటునే వాడుకోవాలి. జాలీని నేల దగ్గర బయటివైపు మడిచి 45 నుంచి 60 సెంటీమీటర్లు పరిచి, మేకులతో దిగ్గొట్టి పైన మట్టి కప్పితే చాలు. లోతుగా కందకం తవ్వక్కర్లేదు. ఈ మడతని పొరపాటున లోపలివైపు పరిస్తే ఎందుకూ పనికిరాదు. చిరుత, పుమా (అమెరికా ఖండాల పెద్దపిల్లి) తిరిగే చోట పక్క గోడల ఎత్తును నమ్ముకోవద్దు, పైకప్పు ఉండాల్సిందే. కుక్కను రాత్రి ఆరుబయట గొలుసుతో కట్టేయడమంటే ఎరను కట్టడమే.

కరెంటు కంచె బాగా పనిచేస్తుంది, కానీ అది ఇంటి కరెంటు కాదు. ఇంటి లైన్ నుంచి తీగ లాగితే మనుషులే చస్తారు. ఎనర్జైజర్ అనే పెట్టె సెకనుకోసారి, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు, వేల వోల్టుల దెబ్బ విడుస్తుంది. నొప్పి పుడుతుంది, ప్రాణం పోదు. ఎలుగుబంటికి తీగ మీద కనీసం 5000 వోల్టులు ఉండాలి. పని చేయలేదన్న కంచెల్లో ఎక్కువ శాతం తప్పు ఎర్తింగ్‌దే. కరెంటు తీగలోంచి జంతువు ఒంట్లోకి, కాళ్లలోంచి నేలలోకి, అక్కడినుంచి ఎర్తు రాడ్డుకు తిరిగి చేరాలి. అందుకు సుమారు 1.8 మీటర్ల రాడ్లు మూడు, ఒకదానికొకటి 3 మీటర్ల దూరంలో పాతాలి. నేల ఎండిపోతే ఈ దారి తెగుతుంది. అప్పుడు ఒక తీగకు కరెంటు, పక్క తీగకు ఎర్తు ఇచ్చుకుంటూ పోవాలి, రెండింటినీ తాకితే దెబ్బ తగులుతుంది. గడ్డి పెరిగి కింది తీగను తాకినా వోల్టేజీ జారిపోతుంది. వారానికోసారి ఎనర్జైజర్‌కు దూరంగా ఉన్న చివర మీటరు పెట్టి చూడాలి. పెట్టె మీద లైటు వెలుగుతోందని సరిపెట్టుకుంటే లాభం లేదు.

భయపెట్టే సాధనాలన్నీ కొన్నాళ్ల ముచ్చటే. ఒకే చోట, ఒకే తీరుగా మెరిసే లైటు వల్ల తనకేమీ కాదని జంతువు త్వరలోనే కనిపెడుతుంది. కదలికను బట్టి వెలిగే లైటును కొన్నాళ్లకోసారి చోటు మార్చాలి. తోడేళ్లకు తాడుకు వేలాడే గుడ్డపీలికల వరస అడ్డం. తూర్పు యూరప్ వేటగాళ్లు వాటిని తరిమి పట్టడానికి ఎప్పటినుంచో వాడిన ఉపాయమిది. పీలికలు అరమీటరుకొకటి, నేలకు దగ్గరగా వేలాడాలి. ఇది సుమారు 2 నెలలు పనిచేస్తుంది, ఈనికల సీజను గట్టెక్కడానికి సరిపోతుంది. వీటన్నిటికన్నా చవకైనది బోట్స్‌వానాలో జరిగిన ప్రయోగం. పశువుల పిరుదుల మీద కళ్లబొమ్మలు వేశారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం నాలుగేళ్లలో కళ్లు వేసిన 683 పశువుల్లో పొంచి దూకే మృగాలకు ఒక్కటీ బలి కాలేదు. ఏ గుర్తూ లేని 835లో 15 పోయాయి, ఉత్త క్రాస్ గుర్తు వేసిన 543లో 4 పోయాయి. తనను చూసేశారనుకుంటే పొంచి ఉన్న మృగం ఆశ వదులుకుంటుంది.

‘పట్టుకెళ్లి అడవిలో వదిలేయండి’ అన్నది సులువుగా తోచే సలహా. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో 2001 నుంచి చిరుతల్ని బోనుల్లో పట్టి దగ్గరి అడవుల్లో వదిలారు. మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయి. ఎరగని చోట పడేసిన చిరుత పాత చోటు వెతుక్కుంటూ ఊళ్ల మీదుగా నడుస్తుంది, అది ఖాళీ చేసిన చోటికి ఇంకోటి వస్తుంది. తిండి అక్కడే ఉంది మరి.

ఎదురుపడితే పరుగెత్తొద్దు. పారిపోయేదాన్ని తరమడం వాటి నైజం. చిరుత, పుమా అయితే ముఖం దానివైపే ఉంచి, చేతులు పైకెత్తి పెద్దగా కనిపిస్తూ, గట్టిగా మాట్లాడుతూ వెనక్కి జరగాలి. పిల్లల్ని ఎత్తుకోవాలి, కానీ చూపు మళ్లించకుండా మోకాళ్లు వంచి ఎత్తుకోవాలి. వంగిన మనిషి నాలుగుకాళ్ల జంతువంత ఎత్తే ఉంటాడు. కయోటీని (తోడేలు కన్నా చిన్నదైన ఉత్తర అమెరికా కుక్కజాతి జంతువు) కేకలేసి, అది కనుమరుగయ్యేదాకా తరమాలి. మధ్యలో ఆపితే ‘ఇంతే’ అని నేర్చుకుంటుంది. కూనలున్న బొరియ దగ్గర మాత్రం ఈ పని చేయొద్దు. ఎలుగుబంటితో కళ్లలోకి చూపు నిలపకుండా, నెమ్మదిగా మాట్లాడుతూ పక్కకు తప్పుకోవాలి.

జంతువు ఇంట్లోకో షెడ్డులోకో దూరితే లోపలి తలుపులు మూసి, బయటి తలుపు ఒకటి బార్లా తెరిచి, అందరూ దూరంగా పోవాలి. వన్యప్రాణి సిబ్బందికి ఫోన్ చేయాలి. చిరుత వచ్చిన చోట గాయాల్లో ఎక్కువ భాగం చుట్టుముట్టిన గుంపు వల్లే అవుతాయి. దారి లేని జంతువు మనుషుల మీదుగానే దారి చేసుకుంటుంది. కరిచినా గీరినా గాయాన్ని సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక టీకా పనిచేయదు. పట్టపగలు నక్క కనిపించిందని పిచ్చి పట్టిందనుకోకండి, పిల్లల తల్లికి రాత్రి వేట చాలదు. తూలుతూ నడవడం, దేనిమీద పడితే దానిమీద దూకడం చూస్తే భయపడాలి.

ఇంటి అరుగు కిందో మెట్ల కిందో ఏదైనా కాపురం పెడితే కన్నంలో నలిపిన పేపరు వదులుగా కూరండి. మూడు రాత్రులు కదలకపోతే లోపల ఎవరూ లేనట్టే, మూసేయొచ్చు. పేపరు బయట పడితే పిల్లలున్నాయేమోనని చెవి పెట్టి వినండి. ఉంటే అవి తల్లి వెంట తిరిగేదాకా కొన్ని వారాలు ఆగి, అప్పుడు బయటికి మాత్రమే తెరుచుకునే రెక్కతలుపు బిగించండి. తొందరపడి మూస్తే తల్లి ఆ రాత్రే మెట్ల చెక్కలు పీకుతుంది.