లోపం తనలోనే ఉందన్న నమ్మకం ఎక్కడిది?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఇంటి ముందు షామియానా వేస్తారు, ఫొటోతో ఫ్లెక్సీ కడతారు. చుట్టాలు చీరలు పెట్టి అక్షింతలు వేస్తారు. కుర్చీలో కూర్చున్న ఆ బిడ్డ తనను తాను అబ్బాయిగా ఎరిగిన మనిషైతే? ఒంట్లో వస్తున్న మార్పే ఒక బాధ. దాన్ని ఊరంతా పండుగ చేసుకోవడం అంతకు మించిన బాధ.

శరీరానికీ, తన జెండర్ గురించి తనకున్న ఎరుకకూ పొంతన కుదరక కలిగే తీవ్రమైన వేదనే జెండర్ డిస్ఫోరియా. ట్రాన్స్‌జెండర్లందరికీ ఇది ఉంటుందని కాదు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఈ పేరు పెట్టి, పాత పేరులోని ‘డిజార్డర్’ (రుగ్మత) మాటను తీసేసింది. వైద్యులు చూడవలసింది ఆ వేదననే, ఆ ఎరుకను కాదు.

ఈ వేదన చుట్టూ కొన్ని నమ్మకాలు అల్లుకుంటాయి. అమెరికా మనస్తత్వవేత్త జెఫ్రీ యంగ్ ఇలాంటి నమ్మకాలను స్కీమాలు అన్నారు, 18 రకాలు గుర్తించారు. తడి రేగడిలో పడిన బండి గాడి ఎండాక గట్టిపడుతుంది, తర్వాత వచ్చే ప్రతి బండీ అందులోకే జారుతుంది. బాల్యంలో పడిన స్కీమా అలాంటిదే. ‘నాలో ఏదో లోపం ఉంది’, ‘నేను ఎవరిలోనూ కలవను’, ‘మనుషులను నమ్మితే దెబ్బ తింటాను’ అన్నవి ఇక్కడ ముఖ్యమైనవి.

వాటిని తట్టుకోవడానికి మనసు మూడు దారులు పడుతుందంటారు యంగ్. మొదటిది లొంగిపోవడం: జడ పెంచుకుని, చూసిన సంబంధానికి తలూపడం. రెండోది తప్పించుకోవడం. హాస్టల్లో అందరికన్నా ముందే, చీకట్లోనే లేచి స్నానం ముగించడం, అద్దం చూడకుండా తల దువ్వుకోవడం, పెళ్లిళ్లకు పిలిస్తే కడుపునొప్పి అనడం. బయటివారికి ఇది పొగరులా కనిపిస్తుంది, నిజానికి అది భయం. మూడోది అతిగా ఎదురీదడం: ఎవరూ వేలెత్తి చూపకూడదని ప్రతి పరీక్షలోనూ మొదటి స్థానం కోసం ఒళ్లు హూనం చేసుకోవడం.

అయితే ‘మనుషులను నమ్మితే దెబ్బ తింటాను’ అన్న అపనమ్మకాన్ని ఉత్త భ్రమ అనడం అన్యాయం. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం ప్రకారం పోలీసులు కొందరు హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాసేవారు. అందులో పేరున్నవారు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో! వెలి, వెక్కిరింత, హింసల భారం మనసును ఎలా కుంగదీస్తుందో ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు ‘మైనారిటీ స్ట్రెస్’ పేరుతో వివరించారు. ఈ నమ్మకాల్లో చాలా వాటిని బిడ్డకు నేర్పింది చుట్టూ ఉన్న లోకమే.

‘మా బిడ్డను మార్చండి’ అని డాక్టరును అడిగే తల్లిదండ్రులు ఒకటి తెలుసుకోవాలి. అలాంటి ‘మార్పు చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది. మంచి కౌన్సెలర్ జెండర్‌ను మార్చే జోలికి పోరు. ‘నీలో లోపముందని మొదట అన్నదెవరు, అప్పుడు నీ వయసెంత?’ అని అడుగుతారు, ఆ మాటనే విప్పి చూపిస్తారు. మొదటి అడుగు ఎక్కడ వేయాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.