కొరియన్ ప్రేమ సీరియళ్లలో పెత్తనం చేసే ప్రియుడు, కాదనే తల్లి: అపోహలు – వాస్తవాలు

కొరియన్ ప్రేమ సీరియళ్లకు తెలుగు డబ్బింగ్ సంభాషణలు రాయడం నా వృత్తి. కథానాయిక ముంజేయి పట్టుకుని లాక్కుపోయే కథానాయకుడిని గురించీ, హోటల్ బల్లమీద నోట్ల కవరు పెట్టి మా అబ్బాయి జోలికి రావద్దని చెప్పే తల్లిని గురించీ తెలిసినవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. ఆ మాటల్లో పదేపదే వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇటువంటి నాయకుడు కొరియా సంస్కృతిలోంచి పుట్టినవాడు.

వాస్తవం: ఈ మూసకు అందరూ ఉదాహరణగా చెప్పే సీరియల్ 2009లో వచ్చిన 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్'. దాని మూలం యోకో కామియో 1992లో మొదలుపెట్టిన జపనీస్ బొమ్మల కథ. కొరియా కంటే ముందే, 2001లో తైవాన్, 2005లో జపాన్ దానిని టీవీకి ఎక్కించాయి. 2018లో చైనా మళ్లీ తీసింది. పొగరుబోతు శ్రీమంతుల బిడ్డ, సామాన్య కుటుంబపు అమ్మాయి, కొడుకు పెళ్లిని వ్యాపార ఒప్పందంగా చూసే తల్లి అన్ని రూపాల్లోనూ ఉన్నారు. ఇన్ని దేశాల్లో అమ్ముడుపోయిన సరుకును ఒక్క దేశపు స్వభావంగా లెక్కగట్టడం న్యాయం కాదు.

అపోహ: చేయి పట్టి లాగడంలో కనిపించేది ప్రేమే, అందులో బలవంతం ఏమీ లేదు.

వాస్తవం: ఆ సన్నివేశాన్ని సంగీతం లేకుండా చూసినవారు ఈ మాట అనరు. డబ్బింగ్ గదిలో గొంతులు విడిగా రికార్డవుతాయి, నేపథ్య సంగీతం తర్వాత మిక్సింగ్‌లో కలుస్తుంది. కాబట్టి మేము తరచూ ఆ దృశ్యాన్ని వట్టి మాటలతో, వట్టి ఊపిరి చప్పుళ్లతో వింటాం. అప్పుడు వినబడేది ఒక మనిషి వదలమని అడగడం, మరొకరు వినకపోవడం, అంతే. ఇందులో భాష పాత్ర కూడా చాలా ఉంది. కొరియన్‌లో అతడు చనువు రూపంలో 'తారవా' అంటాడు, అంటే 'నా వెంట రా'. ఆమె చాలాసార్లు మర్యాద రూపంలో 'న్వాయో' అంటుంది, అంటే 'వదలండి'. ఆజ్ఞాపించేవారెవరో, బతిమాలేవారెవరో క్రియ చివరి అక్షరాలే చెబుతాయి. తెలుగులో మనకు 'నువ్వు', 'మీరు' ఉన్నా, పెదవుల కదలికకు సరిపోవాలనీ, జంట దగ్గరగా అనిపించాలనీ ఇద్దరి చేతా 'నువ్వు' అనిపించేస్తాం. నేనూ మొదటి రెండు మూడేళ్లు అలాగే రాశాను. దాంతో మూలంలో స్పష్టంగా ఉన్న హెచ్చుతగ్గు మన తెరమీద మాయమై, మిగిలింది ముద్దు ముద్దు గొడవలా కనిపించింది.

ఈ సందర్భంలో కథానాయిక ప్రియుడిని పిలిచే 'ఒప్పా' గురించి కూడా చెప్పాలి. ఆ మాటకు అసలు అర్థం ఆడపిల్లకు అన్నయ్య. ప్రేమికుడిని 'అన్నయ్యా' అంటే తెలుగులో కథ అక్కడితో సరి. 'బావా' అంటే వినడానికి బాగుంటుంది గానీ, ఎనిమిది మెట్ల దూరం లోపు రక్తబంధువుల పెళ్లిని చట్టమే ఒప్పుకోని దేశపు కథకు మేనరికపు వాసన అంటుకుంటుంది. అందుకని నేను పేరు పెట్టి పిలిపిస్తాను.

అపోహ: తల్లిదండ్రులు కాదనేది డబ్బు కోసమే, అదంతా కథ కోసం పెట్టిన విలనీ.

వాస్తవం: డబ్బు నిజమే, కానీ పెద్దల మాట వెనుక చట్టం కూడా చాలాకాలం నిలబడింది. 1958 నాటి దక్షిణ కొరియా పౌర చట్టం ప్రకారం 27 ఏళ్లు నిండని మగవారికీ, 23 నిండని ఆడవారికీ పెళ్లికి తల్లిదండ్రుల అనుమతి కావలసి ఉండేది. ఆ నిబంధనను 1977లో సవరించారు. ఒకే ఇంటిపేరు, ఒకే మూలవంశం ఉన్నవారు పెళ్లాడరాదన్న నిషేధం (సగోత్రం మాట తెలిసిన మనకు ఇది వివరించనక్కరలేదు) రాజ్యాంగానికి విరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1997లో తేల్చగా, 2005లో చట్టం మారింది. కుటుంబానికి మగ యజమానిని నమోదు చేసే 'హోజు' పద్ధతి 2008 దాకా సాగింది. ఈ రోజు తెరమీద కాదనే తల్లి ఆ చట్టాల నీడలో కోడలైన స్త్రీ. ఆమెను సమర్థించమని కాదు గానీ, ఆమె అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా సంభాషణ రాస్తే కేకలు తప్ప మరేమీ మిగలవు.

అపోహ: వెంటపడటాన్ని అక్కడ ఎవరూ తప్పుగా చూడరు.

వాస్తవం: ఒకప్పుడు అది లక్ష వొన్‌ల (వొన్ అక్కడి కరెన్సీ) లోపు జరిమానాతో పోయే చిల్లర నేరం. 2021 అక్టోబరులో ప్రత్యేక చట్టం అమలులోకి వచ్చాక మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

అపోహ: పెత్తనం చేసే ప్రియుడు, కాదనే తల్లి ఎప్పుడూ ఎదురెదురు పక్షాలు.

వాస్తవం: 2018 నాటి 'సమ్‌థింగ్ ఇన్ ది రెయిన్' సీరియల్ చూడండి. విడిపోయాక కూడా కథానాయికను వెంటపడి వేధించే పాత ప్రియుడు న్యాయవాది. మంచి సంబంధమని తల్లి మొదట ముచ్చటపడింది అతడినే. కూతురిని మర్యాదగా చూసుకునే కుర్రవాడిని మాత్రం ఇంటి పరిస్థితి సరిగా లేదని కాదంది. ఆమె కోటీశ్వరురాలు కాదు, కవరు ఇచ్చే స్తోమతా లేదు. మన వీధిలో కనిపించే తల్లి. ఇలాంటి తల్లి మాటలు రాయవలసి వస్తే నేను గొంతు పెంచనివ్వను. 'వదలండి' అన్న చోట మాత్రం, పెదవికి ఒక అక్షరం ఎక్కువైందని డబ్బింగ్ ఇన్‌చార్జ్ ఎంత గొణిగినా, ఇప్పుడు 'వదలండి' అనే ఉంచుతున్నాను.