లైనక్స్ బోర్డు నిద్ర, మెలకువ: అపోహలు - వాస్తవాలు

బ్యాటరీ మీద నడిచే లైనక్స్ బోర్డుల (ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్ల) పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళ నోట తరచూ వినే మాటలివి.

అపోహ: షట్‌డౌన్ చేస్తే కరెంటు ఖర్చు సున్నా.

రాస్‌బెర్రీ పై 5 బోర్డు మామూలు సెట్టింగ్‌లో హాల్ట్ (షట్‌డౌన్) అయ్యాక కూడా ఒక వాట్‌కు పైనే లాగుతుంది. బూట్ సెట్టింగులు దాచే ఈఈప్రామ్ చిప్‌లో ‘పవర్ ఆఫ్ ఆన్ హాల్ట్’ను 1 చేస్తేనే కొన్ని మిల్లీ యాంపియర్లకు దిగుతుంది. ఆర్‌టీసీ (బోర్డులోని గడియారం చిప్) అలారంతో లేపొచ్చు కానీ, బూట్ మొదటి నుంచీ జరగాల్సిందే. సస్పెండ్‌లో, అంటే బోర్డును ఆపకుండా నిద్రపుచ్చినప్పుడు, అలా కాదు. డీడీఆర్ మెమరీ (ర్యామ్) తనను తానే రిఫ్రెష్ చేసుకునే ‘సెల్ఫ్ రిఫ్రెష్’లో ఉండి డేటాను నిలుపుకుంటుంది, ఆగిన చోటి నుంచే పని సాగుతుంది.

అపోహ: ‘సిస్ పవర్’ ఫోల్డర్‌లోని స్టేట్ ఫైల్లో ‘మెమ్’ అని రాస్తే డీప్ స్లీప్ వచ్చేసినట్టే.

పక్కనే ఉన్న ‘మెమ్ స్లీప్’ ఫైలు చూడండి. అందులో ‘ఎస్2ఐడిల్’ (పైపై నిద్ర) ఒక్కటే కనిపిస్తే మీ బోర్డుకు డీప్ లేదు. ప్రోగ్రాములు ఆగుతాయి, డ్రైవర్లు సస్పెండ్ అవుతాయి, ప్రాసెసర్ కోర్లు ఐడిల్‌లో (పని లేకుండా) ఉంటాయి, అంతే. 64 బిట్ ఆర్మ్ బోర్డుల్లో డీప్ రావాలంటే సాధారణంగా ఫర్మ్‌వేర్‌లో పీఎస్‌సీఐ (కెర్నెల్ పవర్ పనులను ఫర్మ్‌వేర్‌తో చేయించుకునే పద్ధతి) వారి ‘సిస్టమ్ సస్పెండ్’ ఉండాలి. అది లేనప్పుడు కెర్నెల్ కాన్ఫిగ్ ఎంత తిరగేసినా లాభం లేదు.

అపోహ: ఏ బటన్ నొక్కినా లేస్తుంది.

నన్నడిగితే అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. బీగల్‌బోన్ బ్లాక్‌లోని ఏఎం335ఎక్స్ చిప్‌నే తీసుకోండి. డీప్ స్లీప్‌లో మెలకువగా ఉండేది ఒక చిన్న కార్టెక్స్ ఎం3 ప్రాసెసర్, దాని చుట్టూ ఉన్న వేకప్ డొమైన్ (కరెంటు ఆగని భాగం) మాత్రమే. జీపీఐఓలలో (బటన్ల లాంటివి కలిపే పిన్లలో) ఆ డొమైన్‌లో ఉన్నది జీపీఐఓ0 బ్యాంక్ ఒక్కటే. బటన్‌ను జీపీఐఓ1కి కలిపితే బోర్డు మెలకువలో ఉన్నంతసేపూ చక్కగా పనిచేస్తుంది, డీప్ స్లీప్‌లో మాత్రం ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నెల్‌కు వివరించే ఫైల్లో) ‘వేకప్ సోర్స్’ అని రాసినా పిన్ మారదు కదా! స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) గీసే రోజే సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా పక్కన కూర్చోవాలి.

అపోహ: లేవకపోతే బోర్డు చచ్చినట్టే.

చాలాసార్లు ఒక్క డ్రైవరే అడ్డం పడి ఉంటుంది. బూట్ ఆర్గ్యుమెంట్లలో ‘నో కన్సోల్ సస్పెండ్’ పెడితే చివరి మెసేజ్ సీరియల్ కన్సోల్‌లో కనిపిస్తుంది. అదే ‘సిస్ పవర్’ ఫోల్డర్‌లోని ‘పీఎం టెస్ట్’ ఫైల్లో ‘డివైసెస్’ అని రాసి సస్పెండ్ చేస్తే డ్రైవర్లు ఆగి, మామూలుగా 5 సెకన్లకు తిరిగి లేస్తాయి. అది దాటాకే, అలారం పెట్టి నిద్రపుచ్చే ‘ఆర్‌టీసీ వేక్’ కమాండ్‌తో అసలు నిద్ర పరీక్షించండి.

అపోహ: నిద్రలో కరెంటు తగ్గిస్తే చాలు.

ఉదాహరణకు బోర్డు మెలకువలో 300, నిద్రలో 5 మిల్లీ యాంపియర్లు తీసుకుంటుందనుకుందాం. నిమిషానికోసారి లేచి 10 సెకన్లు పనిచేస్తే సగటు 54. 2000 ఎంఏహెచ్ బ్యాటరీ 37 గంటలు వస్తుంది. నిద్ర కరెంటును సగం చేసినా అదనంగా దక్కేది గంటన్నరే. అదే పది నిమిషాలకోసారి లేపితే సగటు 10కి దిగి, 8 రోజులు దాటుతుంది. కాబట్టి ముందు ఎంత తరచుగా లేపాలో తేల్చుకోండి. తర్వాత, లేచిన ప్రతిసారీ వైఫై కనెక్ట్ అవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో కొలవండి.