వెజ్ ఫ్రైడ్ రైస్: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో 11 ఏళ్లుగా ఫాస్ట్‌ఫుడ్ బండి నడుపుతున్నానండి. రోజూ ఎవరో ఒకరు పక్కన నిలబడి అడిగేది ఒకటే, ఇంట్లో చేస్తే ముద్దైపోతోంది, మీకెలా పొడిపొడిగా వస్తోంది అని. మీ చేతిలో తప్పేం లేదు, విని నమ్మేసిన మాటల్లో ఉంది.

అపోహ: రాత్రి మిగిలిన అన్నంతోనే బాగా వస్తుంది.

వాస్తవం: కావాల్సింది పాత అన్నం కాదు, తడి ఆరిన అన్నం. చల్లారేకొద్దీ మెతుకు గట్టిపడుతుంది, అందుకే గరిటె తగిలినా చితకదు. అప్పటికప్పుడు వండినా సరే, గ్లాసు బియ్యానికి గ్లాసున్నర నీళ్లు పోసి కాస్త పలుకుండగానే దించేసి, పెద్ద పళ్లెంలో పల్చగా పరిచి అరగంట ఫ్యాన్ కింద పెట్టండి. గుప్పెట్లోకి తీసుకుని వదిలితే మెతుకులు వేటికవి రాలిపోవాలి, వేళ్లకి అంటుకుంటుంటే ఇంకో పది నిమిషాలు ఆగండి.

రాత్రి అన్నమే వాడతామంటే వాడండి, కానీ ఫ్రిజ్‌లో పెట్టిందే వాడండి. మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి మర్చిపోకండి ప్లీజ్. గట్టు మీద రాత్రంతా వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అన్నం ఉడికినా దాని బీజాలు చావవు, వాంతులు తెప్పించే దాని విషం మళ్లీ ఎంత వేయించినా పోదు. వాసన బానే ఉంది కదా అని పిల్లలకి పెట్టేస్తుంటారు, వాసనతో అది తెలీదండి. వండిన గంటలోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మర్నాడే అయిపోవాలి.

అపోహ: అజినొమోటో లేకపోతే బండి రుచి రాదు. ఇంకో అపోహ: అది విషం.

వాస్తవం: రెండూ కాదు. 1908లో జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచులోంచి బయటికి తీసిన రుచి అది, మన టమాటాల్లో సహజంగా ఉండే గ్లుటమేట్ కూడా అదే. చిటికెడు వేస్తే ప్రమాదమేం లేదు, పడదనుకున్నవాళ్లు మానేయొచ్చు. నేనైతే ఇంట్లో వెయ్యను, ఎప్పుడూ అవసరం పడలేదు.

అపోహ: బాస్మతి ఉండాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. సోనామసూరి పాత బియ్యం చాలు.

అపోహ: మసాలా ఎంత దట్టిస్తే అంత రుచి.

వాస్తవం: అల్లం వెల్లుల్లి పేస్ట్‌లో నీళ్లుంటాయి, అడుగంటుతుంది, మాడు వాసన మొత్తం అన్నానికి పట్టేస్తుంది. దాని బదులు నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిర్చి సన్నగా తరిగి నూనెలో వెయ్యండి. ముందు క్యారెట్, బీన్స్, అవి సగం వేగాక క్యాబేజీ, ఆఖర్న క్యాప్సికం. మూత పెట్టొద్దు, ఉప్పు కూడా అప్పుడే వెయ్యొద్దు, కూరగాయలు నీళ్లొదిలేస్తాయి. అన్నం వేశాకే ఉప్పు, సోయా సాస్‌లోనూ ఉప్పుంటుంది కాబట్టి చూసి వేసుకోండి. మిరియాల పొడి అర స్పూను, గరం మసాలా పావు స్పూను, అవి దించే ముందు.

అపోహ: అందరికీ ఒకేసారి చేసేస్తే పని తొందరగా అయిపోతుంది.

వాస్తవం: మొన్న మా వదిన ఫోన్ చేసి "నువ్వు చెప్పినట్టే చేశా మరిదీ, మళ్లీ ముద్దే అయింది" అని బాధపడింది. కనుక్కుంటే ఆరుగురి అన్నం ఒకే మూకుట్లో పోసింది. ఇంటి స్టవ్ మంట అంత అన్నాన్ని వేయించలేదండి, మూకుడు చల్లారిపోతుంది, ఆవిరి బయటికి పోలేక వేగాల్సింది కాస్తా ఉడుకుతుంది. ఇద్దరిద్దరికి సరిపోయేట్టు మూడు వాయిలుగా చెయ్యి వదినా, ఇనప మూకుట్లో పెద్ద మంట మీద సన్నగా పొగ వచ్చాకే నూనె పొయ్యి అని చెప్పా. ఆదివారం మళ్లీ చేస్తూ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది, మొదటి వాయిలో ఏమీ వినపడలేదు, రెండో వాయిలో అన్నం పడగానే చిటపటమని చప్పుడు నాక్కూడా వినపడింది. అలా రెండు నిమిషాలు కలిపి, ఉల్లికాడలు చల్లి దించెయ్యమన్నా.