చెత్త బండి వెనక పరుగు

పొద్దున చెత్త బండి మలుపు తిరిగేస్తోందని బకెట్ పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తాను, మహా అయితే 40 సెకన్లు. ఆయాసం మాత్రం ఐదు నిమిషాలైనా తగ్గలేదు. "ఇదీ ఒక ఎక్సర్‌సైజేనా?" అని మా ఆవిడ నవ్వింది. నవ్వుకేం గానీ ప్రశ్న మంచిదే.

2022లో నేచర్ మెడిసిన్‌లో ఒక స్టడీ వచ్చింది. బ్రిటన్‌లో వ్యాయామం జోలికే పోని 25,241 మంది చేతికి కదలికలు కొలిచే పట్టీ కట్టి, తర్వాత దాదాపు ఏడేళ్ల రికార్డులు చూశారు. రోజుకి మూడుసార్లు, నిమిషం రెండు నిమిషాలు బస్సు కోసం పరిగెత్తినట్టు గట్టిగా కదిలినవాళ్లలో గుండెజబ్బు చావులు, అలా అస్సలు కదలనివాళ్లకంటే సగానికి దగ్గరగా తక్కువ. ఒంట్లో బావున్నవాళ్లే ఎక్కువ కదిలారేమో, కాబట్టి గ్యారంటీ కార్డు అనుకోకండి.

నాకు ముచ్చటేసేది కండ లోపలి లెక్క. కండకి చెల్లే డబ్బు ఒక్కటే, ఏటీపీ అనే శక్తి అణువు. అది జేబులో చిల్లర, పరుగు మొదలెడితే రెండు మూడు సెకన్లకే ఖాళీ. వెంటనే పోపుల డబ్బాలో దాచిన నోటు తీస్తాం, అదే క్రియాటిన్ ఫాస్ఫేట్, తన ఫాస్ఫేట్‌ని ఏడీపీకి, అంటే ఖర్చయిపోయిన ఏటీపీకి, ఇచ్చి మళ్లీ ఏటీపీ చేసేస్తుంది, ఆక్సిజన్‌తో పన్లేదు. పది సెకన్లకి డబ్బా కూడా అడుగంటుతుంది. ఈలోగా పక్కింట్లో చేబదులు, అంటే కండలో నిల్వున్న గ్లైకోజెన్ అనే చక్కెరని ఆక్సిజన్ లేకుండా విరగ్గొట్టడం, లాక్టేట్ అనే బాకీ మిగుల్తుంది. కణంలో ఆక్సిజన్‌తో ఏటీపీ చేసే మైటోకాండ్రియా ఇచ్చేది జీతం, బోలెడంత, కానీ పూర్తిగా చేతికందడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, ఆలోపే నా పరుగు అయిపోయింది. ఆగాక జీతం పడుతోంది, దాంతో ముందు డబ్బా నింపాలి, బాకీ తీర్చాలి, రొప్పేది అందుకే! 1922 నోబెల్ పంచుకున్న ఏ.వి. హిల్ దీన్ని 'ఆక్సిజన్ అప్పు' అనే అన్నాడు.

మర్నాటి ఒళ్లు నొప్పులకి లాక్టిక్ ఆమ్లమే, అంటే ఆ లాక్టేట్ బాకీయే, కారణమని మాకు బళ్లో చెప్పారు, తప్పు. అది గంటా గంటన్నరలో పోతుంది, గుండె దాన్ని ఇంధనంగా కూడా వాడుకుంటుంది. నొప్పి కండపోగులకి తగిలిన సన్నటి దెబ్బల వల్ల. ఇంకోటి, కండ ముడుచుకున్నప్పుడు గ్లూట్4 అనే ప్రొటీన్ తలుపులు ఇన్సులిన్ పిలవకుండానే కణం పొర మీదకొచ్చి గ్లూకోజ్‌ని లోపలికి లాక్కుంటాయి. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత షుగరున్నవాళ్లకి మాత్రం చెప్పకండి. గుండె, మోకాళ్ల ఇబ్బందులుంటే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు బండి పాట వినబడ్డా కావాలనే అరనిమిషం ఆగి బయల్దేరుతున్నా. బండి అబ్బాయి నన్ను చూసి ఇంకాస్త ముందుకెళ్లి ఆపుతున్నాడు.