మానసిక వార్డులో నర్సు పని: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈ వార్డులో నర్సు చేసేది మాత్రలివ్వడం, గొడవ చేస్తే పట్టుకోవడం. అంతే.

వాస్తవం: రౌండ్స్‌లో డాక్టరు గారు ఒక్కో మంచం దగ్గర ఉండగలిగేది కొన్ని నిమిషాలే. మిగతా పగలూ రాత్రీ చూసేది మేము. ఎవరు ఎన్ని గంటలు పడుకున్నారు, ఎవరు అన్నం కెలికి వదిలేశారు, ఎవరు మాత్రను నాలుక కింద దాచారు, అన్నీ కేస్‌షీట్‌లో రాస్తాం. డోసు మార్చేముందు డాక్టర్లు చూసేది ఆ రాతే.

భ్రమలు, లేని గొంతులు వినిపించడం తగ్గించే హాలోపెరిడాల్ లాంటి మందు మొదలుపెట్టాక కొన్నాళ్లకే కొందరు కుదురుగా కూర్చోలేరు. లేస్తారు, నడుస్తారు, కూర్చున్నా కాళ్లు ఆడిస్తూనే ఉంటారు. "జబ్బు ముదిరింది సిస్టర్, ఇంకో ఇంజెక్షన్ ఇవ్వండి" అని ఇంటివాళ్లు కంగారుపడతారు. అది మందు తెచ్చిన అవస్థ కావచ్చు. దాన్ని అకథీజియా అంటారు. జబ్బనుకుని డోసు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. అందుకే ముందు రోగినే అడుగుతాను. "నడవాలని లేదు సిస్టర్, కాళ్లే ఊరుకోవట్లేదు" అన్నారంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేస్తాను.

అపోహ: మాట వినకపోతే కట్టేస్తారు, కరెంట్ షాక్ ఇస్తారు.

వాస్తవం: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గొలుసులు వేయడాన్ని, ఒంటరిగా బంధించడాన్ని నిషేధించింది. ప్రమాదం ముంచుకొచ్చి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే కదలకుండా ఆపవచ్చు. కరెంట్ షాక్ అని మీరనే ఈసీటీ చికిత్స కూడా మత్తు, కండరాలు సడలించే మందు ఇచ్చాకే చేయాలి. రెండూ శిక్షలు కావు.

అపోహ: చనిపోవాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

వాస్తవం: పుట్టదు. నేను సూటిగానే అడుగుతాను. చాలామంది ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఏడ్చేస్తారు. మధ్యలో ధైర్యం చెప్పబోకుండా వినడమే అప్పుడు నా పని. పల్లె నుంచి వచ్చినవాళ్లయితే పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయమని వెంట వచ్చినవారికి తప్పకుండా చెబుతాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా రాసిస్తాను. అది ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: డిశ్చార్జి అయ్యాక నర్సుతో పనేముంది?

వాస్తవం: మూడ్ విపరీతంగా మారే బైపోలార్ జబ్బుకిచ్చే లిథియం మందు వాడేవారి ఇంటివాళ్లకు ఎండాకాలం జాగ్రత్తలు చెప్పేది మేమే. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగిపోతుంది. నీళ్లు తాగించండి, ఉప్పు ఉన్నట్టుండి మానిపించకండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు బాగా వణికినా, నడక తూలినా తర్వాతి మాత్ర వేసేలోపే ఆసుపత్రికి తీసుకురండి.